పనికొస్తుందేమో!

అటక లేని ఇల్లు మన వైపు ఉన్నదా అని నాకు అనుమానం. మూత పోయిన కూజా, కాలు విరిగిన పీట, పిల్లల ఉయ్యాల గొలుసులు, ఏ తాళానివో ఎవరికీ తెలియని తాళంచెవుల గుత్తి - అన్నీ అటకెక్కుతాయి గాని దిగవు. పారేద్దామా అని ఆయన అడిగితే ఆవిడా, ఆవిడ అడిగితే ఆయనా చెప్పే జవాబు ఒకటే: "ఉండనీ, ఎప్పటికైనా పనికొస్తుందేమో!" ఈ ఒక్క మాట పట్టుకునే మన అమ్మలూ అమ్మమ్మలూ సంసారాలు ఈదుకొచ్చారు. అంచేత ఈ వ్యాసం చదువుతూ మీరు మీ అటక వంక భయంగా చూసుకోనక్కరలేదు.

నేను చెప్పబోయేది అటక దిగి గదిలోకీ, గదిలోంచి మంచం మీదికీ, మంచం మీదినుంచి వంట గట్టు మీదికీ పాకిన సామాను సంగతి. మా పెద్దక్కయ్య సంగతి. ఇదంతా రాసుకోమని అక్కయ్యే అన్నది. పేరు మాత్రం వెయ్యొద్దన్నది.

అక్కయ్యది రాజమండ్రి. చిన్నప్పుడు మా ఇంట్లో అక్కయ్యంటే పొదుపుకి పెట్టింది పేరు. అరిగిపోయిన బలపపు ముక్కల్ని అగ్గిపెట్టెలో దాచేది. నాన్నగారికి వచ్చిన ఉత్తరాల కవర్లు విప్పి, తిరగేసి, మడతలు పెట్టి ట్రంకుపెట్టె అడుగున పరిచేది. అవి ఎప్పుడైనా వాడిందా అంటే నాకు జ్ఞాపకం లేదు. "దాన్ని చూసి నేర్చుకోవే" అని అమ్మ నన్ను దెప్పేది. పెళ్ళయి వెళ్ళాక బావగారు శుచీ శుభ్రమూ గల మనిషి గనక ఇల్లు ఇల్లుగానే ఉండేది. 2006లో ఆయన పోయారు. కొడుకులిద్దరూ ఉద్యోగాలమీద తలో ఊరూ చేరారు. ఆ తరవాత ఆ ఇంట్లోకి వచ్చిన కాగితం మళ్ళీ గుమ్మం దాటలేదు.

2015 జూలైలో గోదావరి పుష్కరాలొచ్చాయి. రాజమండ్రిలో ఇల్లున్నవాళ్ళకి ఆ పన్నెండు రోజులూ చుట్టాల తాకిడి ఎల్లా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. మా బంధువర్గం మొత్తానికి ఆ ఊళ్ళో ఉన్న కొంప అక్కయ్యది ఒక్కటే. అందులో చాప పరిచే జాగా లేదు! ముందు గదిలో దినపత్రికలు నడుమెత్తున. వంటింట్లో కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్లు, హార్లిక్సు సీసాలు, శుభలేఖలు, వాయనాల్లో వచ్చిన జాకెట్టు గుడ్డలు. గుమ్మంనుంచి మంచందాకా మనిషి పక్కకి తిరిగి నడవగలిగినంత దారి. మంచం సగం సామానుకి, సగం అక్కయ్యకి.

అప్పుడు మేం తోబుట్టువులం కలిసి ఒక కుట్ర పన్నాం. (కుట్ర అని ఇవాళ అంటున్నాను గాని, ఆనాడు ఉపకారమనే అనుకున్నాం.) తమ్ముడు అక్కయ్యని విశాఖపట్నం తీసుకుపోయి పది రోజులు అట్టే పెట్టుకున్నాడు. నేనూ మా మరదలూ కొంగులు బిగించి, పాత పేపర్లవాణ్ణి పిలిచాం. మూడు ఆటోలు నిండాయి. వచ్చిన డబ్బుతో సున్నం వేయించి, గుమ్మానికి మామిడాకులు కూడా కట్టాం.

అక్కయ్య వచ్చి, చెప్పులు విప్పి, గుమ్మంలో నిలబడ్డది. అరుస్తుందనుకున్నాం. అరవలేదు.

"పేపర్ల వెనకాల తగరపు డబ్బా ఉండాలే, అదేదే?" అని మాత్రం అడిగింది.

ఆ డబ్బాలో ఉన్నవి బావగారు నెలనెలా కిరాణాకొట్టుకి రాసిచ్చిన సామాను చీటీలు. కందిపప్పు రెండు కిలోలు, మినప్పప్పు కిలో, ఇంగువ ఒక డబ్బీ - అంతే. అంతకుమించి ఆయన చేతిరాత ఆ ఇంట్లో ఇంకెక్కడా లేదని మాకు తరవాత తెలిసింది. తూకానికి అమ్మేశాం. అక్కయ్య మా అందరితో పాటు గోదావరికి వచ్చి స్నానం చేసింది. కొడుకుల చేత బావగారికి పిండాలు పెట్టించింది. నాతో మాత్రం మూడేళ్ళు సరిగ్గా మాట్లాడలేదు. 2018లో నేను వెళ్ళి చూసేసరికి ఇల్లు మునుపటికంటె నిండి ఉంది. తాళంచెవి ఇదివరకు మా తమ్ముడి దగ్గర ఒకటుండేది. అది కూడా అడిగి పుచ్చుకుంది.

ఇది ఒక జబ్బనీ, దానికో పేరున్నదనీ నాకు తెలిసింది 2022లో. మా అమ్మాయి అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉంటున్నది. నేను అక్కడున్న నాలుగు నెలలూ పొద్దుపోక వాళ్ళ ఊరి లైబ్రరీకి వెడుతూ ఉండేదాన్ని. అక్కడ ఒక పుస్తకం పేరు నన్ను ఆపింది: 'బరీడ్ ఇన్ ట్రెజర్స్'. నిధుల కింద పూడిపోవడం అన్నమాట. నాకు అక్కయ్య మంచం కళ్ళముందు కట్టింది. 2007లో తొలిసారి అచ్చయిన ఆ పుస్తకాన్ని డేవిడ్ టోలిన్, రాండీ ఫ్రాస్ట్, గెయిల్ స్టెకెటీ అనే ముగ్గురు కలిసి రాశారు. నేను డాక్టర్ని కాను, హైస్కూలు టీచరుగా రిటైరైనదాన్ని. అయినా పక్కన నోటుబుక్కు పెట్టుకుని, పరీక్షకి చదివినట్టు చదివాను.

వెనక ఈ పోగేసే మనుషుల్ని లోకం ఒక వింతగా చూసేది. న్యూయార్కులో కోలియర్ సోదరులని ఇద్దరుండేవారు. 1947లో ఆ ఇద్దరూ తమ ఇంట్లోనే సామాను మధ్య చచ్చిపడి ఉన్నారు. తమ్ముడి శవం దొరకడానికి రెండు వారాలు దాటింది. ఆ ఇంట్లోంచి తీసిన సామాను వంద టన్నులకు పైమాటే, అందులో పియానోలు 14! ఆ ఊరి తల్లులు 'గది సర్దుకోకపోతే కోలియర్లలాగా అయిపోతావు' అని పిల్లల్ని బెదిరించేవారట. బెదిరించడం తప్ప, ఆ మనసులో ఏం జరుగుతున్నదో ఎవరూ అడగలేదు.

అడిగినవాడు ఫ్రాస్టుగారు. మసాచుసెట్స్ లోనే నార్తాంప్టన్ అనే చిన్న ఊళ్ళో స్మిత్ కాలేజీ అని ఆడపిల్లల కళాశాల ఉంది. ఆయన అక్కడ మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. 1990ల మొదట్లో ఒక విద్యార్థిని పట్టుబట్టడంతో, 'వస్తువులు పారెయ్యలేనివాళ్ళు కావాలి' అన్న అర్థంతో స్థానిక పత్రికలో ప్రకటన వేయించారు. ఒకరో ఇద్దరో పలుకుతారనుకుంటే వందమందికి పైగా ఫోను చేశారు! 1993లో ఆ పరిశోధన అచ్చయింది. ఆపైన ఇరవై ఏళ్ళకి, 2013లో, అమెరికా మానసిక వైద్యుల జబ్బుల పట్టికలో 'హోర్డింగ్ డిజార్డర్' అని దీనికి విడిగా స్థానం దొరికింది. విలువ ఉన్నా లేకపోయినా వస్తువు వదులుకోలేకపోవడం, వదులుకోవాలంటే ప్రాణం విలవిల్లాడడం, దాంతో పడుకోవలసిన చోట పడుకోలేక, వండవలసిన చోట వండలేకపోవడం - ఇవీ లక్షణాలు. సాధారణంగా పదేళ్ళు దాటి పదిహేను నిండేలోపు మొదలై, వయసుతో పాటు ముదురుతుందిట. అక్కయ్య బలపపు ముక్కల అగ్గిపెట్టె నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఆ పుస్తకం రాసిన వాళ్ళలో ఒకరైన టోలిన్ 2012లో ప్రకటించిన పరిశోధన ఒకటి చెప్పి తీరాలి. మనిషిని స్కానింగు యంత్రంలో పడుకోబెట్టి, అతనింటికి వచ్చిన ఉత్తరాలూ, కరపత్రాలూ ఒక్కొక్కటే చూపించారు. ఉంచాలా, పారెయ్యాలా అని అడిగారు. మధ్యమధ్య ఇంకొకరి కాగితాలు కూడా చూపించారు. పారెయ్యమన్నవాటిని నిజంగానే ముక్కలు చేసే యంత్రంలో వేసేవారు. మామూలు మనుషులతో పోలిస్తే, ఈ జబ్బున్నవాళ్ళ మెదడులో నిర్ణయానికి సంబంధించిన భాగాలు పరాయి కాగితం విషయంలో చల్లగా ఉన్నాయి. తన కాగితం వచ్చేసరికి మితిమీరి రగులుకున్నాయి. అంటే అక్కయ్యది బద్ధకమూ కాదు, మొండితనమూ కాదు. ఒక పాత శుభలేఖ చేతిలోకి తీసుకుంటే ఆవిడ తల్లో ఇంటికి నిప్పంటుకున్నంత హడావిడి.

మరి వైద్యమేమిటి? దీనికి ఇదీ మందు అని రూఢిగా నిలబడిన మాత్ర ఏదీ లేదు. చాలామందికి దీనితో పాటు దిగులు జబ్బు ఉంటుంది. దానికి మాత్రం మందులున్నాయి. అసలు జబ్బుకి చేసేది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే పద్ధతి. ఆలోచననీ అలవాటునీ కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా దారికి తేవడం. మొదట దీన్ని ఒక్కొక్కరికి విడిగా చేసేవారు. ఖర్చు జాస్తి, తెలిసిన వైద్యులు తక్కువ. అప్పుడు బోస్టన్ లోనూ, ఇతర చోట్లా ఆరుగుర్నో ఎనమండుగుర్నో గుండ్రంగా కూర్చోబెట్టి అదే పని చేసి చూశారు. పనిచేసింది.

ఆ తరవాత అడుగు నాకు మరీ నచ్చింది. వైద్యుడే లేకుండా, ఆ బాధ పడ్డవాళ్ళే ఆ గుంపుని నడిపితే? లీ షూర్ అని, తానే ఈ జబ్బుతో అవస్థపడ్డానని నలుగురిలో చెప్పుకున్న మనిషి, ఫ్రాస్టుగారితో కలిసి నార్తాంప్టన్ లో ఇల్లాంటి వర్కుషాపు నడిపాడు. నేను చదివిన పుస్తకమే దాని పాఠ్యగ్రంథం. వారానికొకసారి రెండు గంటలు, పదిహేను వారాల చిల్లర. మధ్యలో కొత్తవాళ్ళని చేర్చరు. ఇంటి దగ్గర చేసుకురావలసిన పని ఉంటుంది.

ఇంతకీ ఆ గుంపుల్లో కూర్చుని ఏం చేస్తారనుకున్నారు? ఇంటినుంచి ఒక సంచీడు సామాను తెచ్చుకుని, అందరి ఎదటా ఒక్కొక్కటే బయటికి తీస్తారు. 'ఇది నాకు అవసరమా, లేక కావాలనిపిస్తున్నదా? ఇటువంటివి ఎన్ని ఉన్నాయి? ఏడాదిలో వాడానా?' అని పైకి చెప్పుకుంటూ తేల్చుకుంటారు. తేల్చుకోవలసినది తెచ్చుకున్నవాళ్ళే. వాళ్ళ అనుమతి లేకుండా రెండోవారు ఆ వస్తువుని ముట్టుకోకూడదు. ఈ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. మూడు ఆటోలు!

2018లో శాన్ ఫ్రాన్సిస్కోలో చేసిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. కేరల్ మాథ్యూస్ అనే వైద్యురాలి బృందం 323 మందిని రెండుగా విడదీసి, కొందరిని మనస్తత్వవేత్తలు నడిపే గుంపుల్లోనూ, కొందరిని బాధితులే నడిపే గుంపుల్లోనూ పెట్టారు. పదిహేను పదహారు వారాల తరవాత చూస్తే రెండు పక్షాలకీ గుణం దాదాపు ఒకటే! పూర్తిగా నయమైపోయారని ఎవరూ అనలేదు సుమండీ. ఇల్లంతా అద్దంలా అయిపోలేదు. బాధ తగ్గింది, వదులుకోవడం కొంత చేతనైంది, దారి కొంచెం వెడల్పయింది.

గుంపు ఎందుకు పనిచేస్తుందంటే నాకు తోచింది రెండు ముక్కల్లో చెబుతాను. మొదటిది సిగ్గు. ఇల్లు నిండినకొద్దీ మనిషి ఎవర్నీ గుమ్మం తొక్కనివ్వదు. గ్యాసుబండ కుర్రవాణ్ణి కూడా వాకిట్లోనే ఆపేస్తుంది. ఈ లోకంలో ఇల్లాంటిదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటుంది. ఎదురుగా మరో నలుగుర్ని చూసేసరికి ఆ బరువు దిగుతుంది. రెండోది, టోలిన్ యంత్రం చెప్పినదే: పరాయి కాగితం దగ్గర ఆ తల రగలదు. తన పాల ప్యాకెట్టు తాను పారెయ్యలేని మనిషి పక్కవాడి తీగముక్కని చూసి, "అదెందుకండీ?" అని చక్కగా అడగగలదు. అలా అడుగుతూ అడుగుతూ, ఆ ప్రశ్న ఒకనాడు తన సంచీమీదికి కూడా తిప్పుకుంటుంది.

2023 సంక్రాంతి వెళ్ళాక నేను రాజమండ్రి వెళ్ళాను. పుస్తకం చూపించలేదు. ముందు తగరపు డబ్బా సంగతి ఎత్తి, "తప్పయిపోయిందే అక్కయ్యా" అన్నాను. ఎనిమిదేళ్ళు ఆలస్యంగా. అక్కయ్య జవాబు చెప్పకుండా లోపలికెళ్ళి కాఫీ పెట్టింది. రెండు పొయ్యిల్లో ఒకదానిమీద శుభలేఖల దొంతర ఉంది. మర్నాడు తనే అడిగింది, "అమెరికాలో వీళ్ళకి ఏం చేస్తారుట?" అని.

నేను మందని గాని వైద్యమని గాని అనలేదు. శనివారం సాయంత్రం మన వీధరుగుమీద కూర్చుందామన్నాను. పారాయణకి వచ్చేవాళ్ళలో ఇద్దర్ని అక్కయ్యే పిలిచింది. ఎదురింటి రిటైర్డు రైల్వే గార్డుగారు తనంతట తనే వచ్చారు. ఆయన పెరటి గది నిండా పాత రేడియోలూ, ఫ్యాన్ల మోటార్లూ ఉన్నాయని నాకు అప్పటిదాకా తెలియదు. ఇక్కడొక మాట: మాది వైద్యం కాదు, పుస్తకం చూసి చేసుకున్న ప్రయత్నం. ముందుగా అక్కయ్యని మానసిక వైద్యుడికి చూపించి, మతిమరుపు జబ్బులాంటిది లేదనిపించుకున్నాం. ఎవరిని అడగాలో తెలియనివాళ్ళకి 14416 అని ప్రభుత్వంవారి టెలిమానస్ ఉన్నది. 2022 అక్టోబరులో పెట్టారు, తెలుగులో మాట్లాడతారు.

ఆ పుస్తకం రాసినవాళ్ళే తయారుచేసిన బొమ్మలు తొమ్మిది ఉంటాయి. ఒకటో బొమ్మలో గది ఖాళీ, తొమ్మిదో బొమ్మలో సామాను తప్ప గోడే కనపడదు. నీ గది ఎన్నోది అంటే వేలు పెట్టి చూపించాలి. అక్కయ్య ఏడో బొమ్మమీద పెట్టింది. నేనైతే ఎనిమిది అనేదాన్ని. నోరు మూసుకున్నాను.

మొదటి వారాలు చూడవలసిందే. అక్కయ్య 2016 నాటి దినపత్రిక ఒకటి తెచ్చి ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. అందులో ఏదో చెక్కరవ్యాధికి చిట్కా ఉన్నదిట. పారేస్తే ఎంత బాధ పడతావో నూటికి ఎంతో రాయమన్నాను. తొంభై రాసింది. పారేశాక ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడు అడిగితే అరవై అన్నది. పై శనివారానికి, "ఏ పేపరే?" అన్నది! ఆ లెక్కల కాగితాన్ని మటుకు దాచుకుంటానంటే ఎవరం వద్దనలేదు.

గార్డుగారికి పట్టింది ఇంకో అభ్యాసం. కొనకుండా తిరిగి రావడం! పాత సామాను కొట్టు ముందునుంచి ఊరికే నడిచి పోవాలి. మరోనాడు ఆగి చూడాలి. ఇంకోనాడు లోపలికెళ్ళి, వస్తువు చేత్తో పట్టుకుని, మళ్ళీ అక్కడే పెట్టేసి రావాలి. కావాలనే తహతహ అలలాగా లేచి, కాసేపు ఓర్చుకుంటే దానంతటదే దిగిపోతుందిట. గార్డుగారు మూడోసారి కూడా ఉత్తచేతులతో బయటికి వస్తూ ఉంటే కొట్టువాడు, "ఏమండీ, చూడ్డానికేనా రోజూ దయచేస్తారు?" అన్నాడుట. ఆయన అది మాకు చెప్పినప్పటి సంతోషం ఎన్ని రైళ్ళకి పచ్చజెండా ఊపినా కలగలేదేమో!

ఒకావిడ నాలుగు వారాలకే మానేసింది. పిలిస్తే, మోకాళ్ళ నొప్పులన్నది. రెండో ఆవిడ ఇప్పటికీ వస్తుంది గాని సంచీ తేదు. మిగతావాళ్ళ సంచీలు చూసి వెడుతుంది. ఉండనిచ్చాం.

ఇక నా సంగతి. నేను పంతులమ్మనై అందరిచేతా చేయిస్తున్నాననుకుంటూ ఉంటే, మూడో వారం అక్కయ్య, "నీ సంచీ ఏదే?" అని అడిగింది. నా దగ్గరేముందన్నాను. "నీ ఇంట్లో మేడమీద బీరువా నిండా పిల్లల హాజరుపట్టీలూ, పాఠాల నోట్సులూ లేవూ?" అన్నది. ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళవి. నాలుగు నోట్సులు పట్టుకెళ్ళాను. మూడు అక్కడే వదిలేశాను. నాలుగోది పారెయ్యబోతే గొంతు పట్టేసింది. నేను తొలి ఏడాది చెప్పిన పాఠాలవి. అరుగుమీద ఎవరూ తొందరపెట్టలేదు. అక్కయ్య మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

రెండేళ్ళయింది. అక్కయ్య ఇప్పుడు ఐదో బొమ్మమీద వేలు పెడుతున్నది. నాలుగు దాకా వస్తేనే సగం గట్టెక్కినట్టు. రెండు పొయ్యిలూ వెలుగుతున్నాయి. మంచం మొత్తం తనదే. ముందు గదిలో పేపర్లు ఇంకా ఉన్నాయి, మోకాలెత్తున.

పోయిన నెల పాత పంచాంగం ఒకటి సంచీలో తెచ్చింది. పారెయ్యడానికే తెచ్చి, అలవాటు కొద్దీ పేజీలు దులిపింది. చిన్న కాగితం ముక్క జారిపడింది. బెల్లం, చింతపండు, అగరువత్తులు - బావగారి రాత. గార్డుగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. "ఇది అవసరమా, కావాలనిపిస్తున్నదా?" అని నియమం ప్రకారం అక్కయ్యే పైకి అడుక్కుంది. తనే, "కావాలి" అన్నది. చీటీ రవికెలో దోపుకుని, పంచాంగం తీసి పారేసే బుట్టలో వేసింది.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబెట్టి నా చేతిలో తాళంచెవి పెట్టింది. నేను కళ్ళెత్తి చూసేలోపు, "వచ్చే శనివారం నీ వంతు. ఆ నాలుగో పుస్తకం మళ్ళీ తీసుకురా, చూద్దాం" అన్నది. ఇంకా నేను దాన్ని సంచీలో పెట్టుకోలేదు.